కొమ్ముపిడి కత్తుల జీర్ణోద్ధరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము 25 సంవత్సరములు ఎడతెగక నడచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుట సులభము. కొన్న పుస్తకమును ఇన్నేండ్లు పాఠకుల చేతులలో తిప్పి, మరల బీరువాలో చెక్కుచెదరక నిలుపుట కష్టము. అట్ట ఊడిన పుస్తకమునకు అట్ట కట్టి, కుట్టు తెగినదానికి కుట్టు వేసి, చెదలనుండియు చెమ్మనుండియు కాపాడినవారి సేవ ఈ ఉత్సవమునకు పునాది. వారు చేసినది మరమ్మతు. ఈ పనికి మన సమాజమున రావలసినంత గౌరవము రాలేదు. కావున నేడు ఒక చిన్న మరమ్మతును గురించియే ముచ్చటింపదలచితిని. పాతకాలపు మడత క్షౌరపుకత్తులకు కొమ్ముతో చేసిన పిడులుండెడివి. అవి పగిలినప్పుడు బాగుచేయు విధానమే నా ప్రసంగ విషయము.

క్షౌరపుకత్తి పిడికిని గ్రంథాలయమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. వ్రాతలో నిలిచినది మాత్రమే చరిత్ర కాదు. దానపత్రములలోను, శాసనములలోను పేరెక్కని వృత్తులవారు తమ చరిత్రను తమ పనిముట్లమీద విడిచిపోయిరి. నాయీబ్రాహ్మణ కుటుంబముల అటకలమీది అంబలపొదులలోను, కొందరి ఇండ్ల పెట్టెల అడుగునను ఇట్టి కత్తులు నేటికిని కానవచ్చును. పెక్కింటికి ఉక్కు బాగుగనే ఉండును; పిడి మాత్రము పగిలియుండును. పిడి పోయినదని కత్తిని పాతసామానులవానికి తూకమునకు వేయుదురు. లేదా పాత పిడిని పారవేసి ప్లాస్టిక్కు పిడి తొడుగుదురు. రెండు విధములను నష్టమే. పిడిమీద తరతరముల వ్రేళ్ళ ఒరిపిడిచేత ఏర్పడిన నునుపును, చిన్న పల్లమును ఆ కుటుంబపు శ్రమకు సంతకము వంటివి. ఆ సంతకము మరల దొరకదు.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. అరుగుదల వేరు, విరుగుదల వేరు. విరిగినదానిని అతుకవలెను; అరిగినదానిని అరిగినట్లే ఉంచవలెను. ఈ వివేకమున్నవాడే మంచి మరమ్మతుదారు. తక్కినదంతయు చేతిపని.

మొదట కత్తి నిర్మాణమును చూతము. దీనికి ఉక్కు అలుగు ఒకటి, పిడి ఒకటి. పిడి ఒకే ముక్క కాదు. రెండు పలుచని కొమ్ముచెక్కలను ఎదురెదురుగా నిలిపి, ఒక కొనయందు అలుగు తిరుగుటకు కీలుమేకు వేయుదురు. రెండవ కొనయందు చెక్కల నడుమ చిన్న చీలికముక్క నుంచి మరియొక మేకు బిగింతురు. ఆ చీలిక మందమును బట్టియే అలుగు దిగుటకు తగిన సందు ఏర్పడును. తెరచినప్పుడు పిడి చేతికి పట్టు. మూసినప్పుడు వాదరకు ఒర. పిడి వంకరపోయినచో వాదర పిడికి తగిలి చెడును. పిడి చీలినచో వాదర బయటపడి చేయి కోయును. కాబట్టి పిడి అలంకారము కాదు, అవసరము.

ఇట్టి కత్తులకు పేరుగన్న పట్టణములు ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్. షెఫీల్డు ప్రాంతపు కత్తుల పనివారి సంఘమునకు 1624 లోనే పార్లమెంటు చట్టము ద్వారా గుర్తింపు కలిగినది. 1740 ప్రాంతమున బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు మూసలలో ఉక్కు కరగించు పద్ధతిని కనుగొనినపిమ్మట అచటి కత్తుల కీర్తి మరింత వ్యాపించెను. 1904 లో అమెరికాలో జిల్లెట్టుకు మార్చివేయదగిన పలుచని బ్లేడుగల కత్తికి పేటెంటు లభించెను. అటుపిమ్మట మడతకత్తి క్రమముగా ఇండ్లనుండి తొలగి, పెక్కు కాలము క్షురకుల చేతులలో నిలిచెను. ఇటీవలి దశాబ్దములలో రక్తము ద్వారా వ్యాపించు వ్యాధుల భయముచేత, ఒకసారి వాడి పారవేయు బ్లేడు వచ్చి అచటనుండియు దానిని తొలగించినది.

ఇక కొమ్ము మాట. మన ప్రాంతపు ఉక్కు కీర్తి చాలమంది ఎరిగినదే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఆ ఉక్కునకు ప్రసిద్ధి. అయితే కొమ్మును ఎవరును తలపరు. 19వ శతాబ్దమున భారతదేశపు గేదెకొమ్ములు ఓడలమీద ఇంగ్లండుకు ఎగుమతి అయ్యెడివి. షెఫీల్డు పనివారు వానిని పిడులకు వాడెడివారు. విలాయతీ కత్తి యని మనము మురిసి కొన్నదాని పిడి మన దేశపు దున్నపోతుదే కావచ్చును.

కొమ్ముపనితనమును మనకు క్రొత్త కాదు. విశాఖపట్టణపు పనివారు 18, 19 శతాబ్దములలో దంతముతోను, కొమ్ముతోను తాపడము చేసిన పెట్టెలు నేడు లండను వస్తుప్రదర్శనశాలలో నున్నవి. తెలుగువారికి చిరపరిచితమైన పర్లాకిమిడి, 1936 లో ఒడిస్సా రాష్ట్రమున చేరిన ఆ పట్టణము, కొమ్ముబొమ్మలకును దువ్వెనలకును పేరుపొందినది. కొమ్మును వేడిచేసి, మెత్తబడగనే మలచి, చల్లారినపిదప నునుపుచేయుట ఆ పనివారి విద్య. పగిలిన పిడిని బాగుచేయువాడును ఆ విద్యలోని మొదటి పాఠము నేర్వవలసినదే.

కొమ్ము స్వభావమును రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. కనుమనాడు ఎద్దుకొమ్ములకు రంగులు పూసి కుప్పెలు తొడుగు చేతులకు అది పరిచయమైనదే. లోపల ఎముక, దానిమీద ఒరవలె పెరిగినది కొమ్ము. అది పొరమీద పొరగా పెరుగును. కొస మాత్రము గట్టిగా నిండియుండును. వెండ్రుకలు, గోళ్ళు ఏ పదార్థముతో నైనవో కొమ్మును ఆ కెరటిను అను పదార్థముతోనే అయినది. క్షురకుడు తీయునది కేశము. ఆ తీయు కత్తికి పిడియైనదియు కేశముల జాతిదే. దుప్పికొమ్ము ఇట్టిది కాదు. అది ఎముక, ఏటేట రాలి మరల మొలచును. వెనుక వచ్చిన కొమ్ములు వాడియని సామెత. కత్తికి కొమ్ము ఇచ్చినది వాడి కాదు, పట్టు.

వెండ్రుకకు గల గుణదోషములన్నియు కొమ్మునకు గలవు. తడి తగిలిన పీల్చి ఉబ్బును, ఎండిన ముడుచుకొనును. వేడికి మెత్తబడును, చల్లారిన బిగియును. ఉన్నిబట్టలు కొట్టు పురుగు దీనిని కూడ తినును. ఈ గుణములనుండియే దీని వ్యాధులు పుట్టుచున్నవి. ఎండి తెల్లబారి గరుకెక్కుట మొదటిది. పొరలు విడిపోవుట రెండవది. కీలుమేకు చుట్టు చీలుట మూడవది. కొమ్ము ముడుచుకొన్నను ఇనుపమేకు ముడుచుకొనదు గనుక రంధ్రము వద్దనే చీలిక బయలుదేరును. వంకరపోవుట నాలుగవది. పురుగు తిని గుంటలు పడుట అయిదవది.

వైద్యునివలె మరమ్మతుదారును చికిత్సకు ముందు పరీక్ష చేయవలెను. పిడి నిజముగా కొమ్మేనా? 1870 ప్రాంతమున అమెరికాలో హయట్ సోదరులు ప్రచారమునకు తెచ్చిన సెల్యులాయిడ్ అను పదార్థము కొమ్మును, దంతమును, తాబేటిచిప్పను చక్కగా అనుకరించును. భూతద్దముతో చూచిన కొమ్మున పొడవుగా సాగిన సహజమైన చారలును, అంచున పొరలును కానవచ్చును. గుడ్డతో గట్టిగా రుద్దిన సెల్యులాయిడ్ కర్పూరపు వాసన వేయును. కొమ్మును లోపలివైపున ఆకురాయితో కొంచెము గీచిన వెండ్రుక కాలిన వాసన వచ్చును. కాల్చిన సూదితో గ్రుచ్చి చూచుట పాత అలవాటు, అది కూడదు. సెల్యులాయిడ్ క్షణములో అంటుకొని మండును. అది కుళ్ళుటకు మొదలిడినచో ఆమ్లపు ఆవిరి వెలువడి ప్రక్కనున్న ఉక్కును గూడ తుప్పు పట్టించును. అట్టి పిడిగల కత్తిని తక్కినవానినుండి వేరుచేసి, గాలి తగులుచోట, వేడికి దూరముగా ఉంచవలెను. నేను ఇకమీద చెప్పునది కొమ్ముపిడులకు మాత్రమే వర్తించును.

పనికి పూనుకొనుటకు ముందు వాదరకు దళసరి గుడ్డచుట్టి కట్టవలెను. తుప్పుపట్టిన పాతకత్తియు చేతిని కోయగలదు. పిమ్మట పిడిని తడిగుడ్డతోను, కొంచెము సబ్బుతోను తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. నీళ్ళలో నానవేయరాదు. మురికి పోయినతరువాతనే అసలు చీలిక ఏదో, మరక ఏదో తెలియును.

చికిత్సకు ఒక క్రమము గలదు. మొదట వంకర తీయుట, తరువాత అతుకుట, చివరకు నూనె పట్టించుట. ఈ క్రమము తప్పరాదు. ఎండిపోయిన కొమ్మును చూడగానే నూనె పూయవలెనని ఎవరికైనను తోచును. నూనె త్రాగిన చీలిక జిగురును పట్టదు. ఒక్క చుక్క నూనె ముందు పడినచో అతుకు నిలువక, పని మొదటికి వచ్చును.

వంకర తీయుటకు అలుగును విడదీయుట మేలు. మేకును పట్టకారుతో పెరికిన కొమ్ము పగులును. మేకుతల నొకదానిని ఆకురాయితో మెల్లగా అరగదీసి, సన్నని మొద్దుసూదితో రెండవవైపునకు నెట్టవలెను. మేకుక్రింది చిన్న ఇత్తడి బిళ్ళలు కత్తితోబాటు పుట్టినవి. వానిని భద్రపరచి మరల వాడవలెను. విడివడిన చెక్కను మరుగుటకు సిద్ధముగానున్న నీటిలో కొలది నిమిషములు ఉంచిన మెత్తబడును. వెంటనే తీసి, తుడిచి, రెండు నునుపైన కర్రపలకల నడుమ బిగించి, పూర్తిగా చల్లారువరకు కదలింపరాదు. పిదప నీడలో కొన్ని దినములు ఆరనీయవలెను. ఎండలో పెట్టిన మరల వంగును. నిప్పుమీద కాచిన పొరలు బుడగలెత్తును.

సన్నని చీలికకు సయనో అక్రిలేట్ అను పలుచని జిగురు తగినది. బజారున దొరకు క్షణములో అతుకు జిగురు ఇదియే. దీనిని 1942 లో అమెరికాలో కనుగొనిరి. 1958 లో అమ్మకమునకు వచ్చినది. చీలిక కొనవద్ద ఒక చుక్క ఉంచిన అది దీపపు వత్తి నూనెను లాగినట్లు లోపలికి పోవును. అంతట బట్టలు ఆరవేయు క్లిప్పుతో బిగించి వదలవలెను. ఈ జిగురు దూదిమీదగాని నూలుగుడ్డమీదగాని పడిన వేడి పుట్టి చేయి కాలును. కంటికి ఆవిరి తగులనీయరాదు. అపురూపమైన కత్తియైనచో వడ్రంగుల తోలుబంకయే మేలు. అది కొమ్మువలె జంతుజన్యమైన పదార్థము. గోరువెచ్చని నీటితో ముందు తరములవారు విప్పుకొనవచ్చును. మన మరమ్మతును మనకంటె నేర్పరియైనవాడు రేపు సవరింపగలుగుటకు త్రోవ విడిచిపెట్టుట కూడ ఈ పనిలో ఒక ధర్మము. మీ గ్రంథాలయమున చిరిగిన పుటకు జిగురు టేపు అంటింపక, పలుచని కాగితమును మైదాజిగురుతో అతుకుటకు గల కారణమును ఇదియే.

పురుగు తిన్న గుంటలను కొమ్ముపొడితో పూడ్చవచ్చును. పనికిరాని కొమ్ముముక్కను ఆకురాయితో రాచిన పొడి వచ్చును. దానిని గుంటలో నింపి జిగురు చుక్క వేసిన గట్టిపడును. నల్లని పిడియైనచో ఎపాక్సీ జిగురులో దీపపుమసి కలిపి నింపినను సరిపోవును. ముందుగా గుంటలో పురుగుగాని గ్రుడ్లుగాని లేకుండ సన్నని కుంచెతో శుభ్రముచేయవలెను. లేకున్న దొంగను లోపల నుంచి తలుపు మూసినట్లగును.

కీలువద్ద ఒక తునక ఊడి పోయినచో అంటు కట్టవలెను. మామిడి అంటు కట్టు రైతుకు ఇది తెలిసిన పనియే. విరిగిన అంచును ఏటవాలుగా చెక్కి, అదే వాలుగల క్రొత్త ముక్కను కొమ్ముచారలు ఒకే దిశలో కలియునట్లు పొసగించి అతుకవలెను. నిటారు అతుకుకంటె ఏటవాలు అతుకున జిగురుకు చోటెక్కువ. కాబట్టి బలమును ఎక్కువ. రంధ్రమును చేతిబరమాతో నిదానముగా తొలిచి, మేకుకంటె వెండ్రుకవాసి వెడల్పుగా ఉంచవలెను. కొమ్ము ఉబ్బుటకు తావుండవలెను గదా!

క్రొత్త మేకునకు ఇత్తడితీగ చాలును. అంగుళములో 16వ వంతు, అనగా దాదాపు 1.6 మిల్లీమీటర్ల లావు సాధారణముగా సరిపోవును. దాగలిమీద నిలిపి, చిన్న సుత్తితో తలచుట్టును తేలికగా తట్టుచు మలచవలెను. నూరు చిన్నదెబ్బలతో జరుగవలసిన పనిని నాలుగు పెద్దదెబ్బలతో ముగింపబోయిన, అంతవరకు చేసిన అతుకు అంతయు వీడును. పాతకాలమున చీలికముక్కను సీసముతో చేయుట కద్దు. బూడిదరంగుగా, మెత్తగా ఉన్నచో దానిని ఆకురాయితో రాయరాదు. ఆ పొడి విషము. కత్తిని మూసి చూచినప్పుడు అలుగు రెండు చెక్కలనడుమ, ఏ ప్రక్కయు తగులక దిగినచో పని కుదిరినదని తెలిసికొనవచ్చును.

అతికినచోటును మాత్రమే గరుకుకాగితముతో, ముదురునుండి సన్నమునకు వరుసగా, తడిచేసి రుద్ది నునుపు చేయవలెను. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. పిడి నంతటిని రుద్ది అద్దమువలె మెరపించుట సులభము. ఆ మెరుపులో బొటనవ్రేలు అరగదీసిన పల్లము మాయమగును. అప్పుడు మనము పాతకత్తిని బాగుచేయలేదు, క్రొత్తకత్తికి పాత అలుగు తగిలించితిమి.

చివరకు నూనె. పశువుల కాళ్ళ ఎముకలనుండి తీయు నీట్స్‌ఫుట్ నూనెను పాశ్చాత్య మరమ్మతుదారులు వాడుదురు. అది ఇష్టము లేనివారు మందుల అంగడిలో దొరకు లిక్విడ్ పారాఫిన్ పలుచగా రాయవచ్చును. అవిసె నూనె ఎండి పొరకట్టును. వంటనూనెలు కొన్నాళ్ళకు జిడ్డై వాసనవేయును. నూనె పట్టించి ఒకటి రెండు దినములుంచి, మిగిలినదానిని తుడిచివేయవలెను. అటుపిమ్మట నెలకొకసారి తీసి చూచుటయే పురుగునకు మంచి మందు. చీకటియు, నిశ్చలతయు దానికి ఇష్టము. మన చూపు దానికి ఇష్టము కాదు.

బాగైన కత్తితో క్షౌరము చేసికొనవచ్చునా యని కొందరడుగుదురు. పలువురి చర్మము తాకిన పాతకత్తిని మరల ముఖమున పెట్టరాదు. గౌరవముగా దాచుకొనవచ్చును. అట్లే పిడికి ముక్క కావలెనని దంతముగాని, తాబేటిచిప్పగాని, దుప్పికొమ్ముగాని కొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అట్టి వ్యాపారమును నిషేధించినది. ఇంటి గేదెకొమ్ము మన అవసరమునకు చాలును.

కత్తిని చదువుట కూడ నేర్వదగినది. అలుగు మూలమందు ఇంగ్లండు అని దేశము పేరు చెక్కియున్నచో, అది సాధారణముగా 1891 తరువాతిదని ఎంచవచ్చును. 1890 నాటి అమెరికా సుంకముల చట్టము దిగుమతి సరుకులమీద దేశము పేరుండవలెనని విధించినందున ఆ అలవాటు స్థిరపడినది. దేశము పేరులేక, రాణి విక్టోరియా పేరును సూచించు వి.ఆర్. అను అక్షరములున్నచో అది 1837 తరువాతి కత్తి. ఇవి అలుగు చెప్పు సంగతులు. ఎవరు పట్టిరి, ఎట్లు పట్టిరి అను సంగతిని పిడి మాత్రమే చెప్పును.

కావున గ్రామస్థులకును, ముఖ్యముగా ఈ వృత్తిలో తరతరములు గడపిన కుటుంబములవారికిని నా మనవి. మీ పొదులలోని పాతకత్తులను తూకమునకు వేయకుడు. వానిని బయటకు తీసి, గుడ్డతో తుడిచి, ఇంటి వృద్ధులను ఒకమారు అడుగుడు: ఇది ఎవరి చేతిది, ఎచట కొన్నది, ఎంతకాలము వాడినది? వారు చెప్పిన మాటలను ఒక చీటిమీద వ్రాసి కత్తితో కట్టి ఉంచుడు. పిడి విరిగిన అతుకవచ్చును. చెప్పువారు పోయిన ఆ మాటలను ఏ జిగురును అతుకజాలదు. గ్రంథాలయ నిర్వాహకులు అంగీకరించినచో, ఒక బీరువాలో ఒక్క అర ఇట్టి పనిముట్లకును, వాని చీటీలకును కేటాయింపవచ్చును. ఆ అరలోని చీటీలును పుస్తకములే.

25 సంవత్సరములు అట్టలు కట్టి, కుట్లు వేసి గ్రంథములను నిలిపిన చేతులు ఈ పనిని చేయలేవని నేననుకొనను. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, అటుపిమ్మట శతవార్షికోత్సవమును చూడవలెనని ఆకాంక్షించుచున్నాను.